ఆఁ అనేవాళ్ళు ఒక్కరుండాలి

ముసురు పట్టిందంటే మా ఇంట్లో గొంగడి వాసన వస్తుంది. ఎంత మడతపెట్టి బీరువా అడుగున దాచినా, మడతల్లో ఎంత వేపాకు వేసినా, గాలిలో తేమ తగిలితే చాలు, ఆ నల్ల ఉన్ని మళ్ళీ మందలోకి వెళ్ళి వచ్చినట్టు గొర్రెల వాసన వదులుతుంది. మా వారు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం బీరువా తలుపు ఇంకాస్త తెరిచి అక్కడే నిలబడతాను. ఆ గొంగడి మా యాదమ్మ మేడంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు పానగల్ అవతల ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను సైన్సు టీచరుగా చేరాను. ఆ బడికి ఆమె హెడ్మాస్టరు. హెడ్మాస్టర్ల కుర్చీల మీద తెల్ల తువ్వాలు ఉండటం అందరూ చూసే ఉంటారు. ఆమె కుర్చీ మీద గొంగడి ఉండేది. పై ఆఫీసర్లు వస్తున్నారంటే అటెండరు దాన్ని తీసి దాచబోయేవాడు, ఆమె మళ్ళీ తెచ్చి పరిచేది. గొర్లు కాసి నన్ను చదివించిన్రు, వాటి ఉన్ని మీద కూర్చుంటే నాకేం నామోషీ అనేది.

మొదటి రోజు నేను మెడ దాకా పౌడరు కొట్టుకుని వెళ్ళాను. నేను నల్లగా ఉంటాను. చిన్నప్పుడు మా మేనత్త నా మొహానికి పట్టించినంత సెనగపిండి మా ఇంట్లో బజ్జీలకు కూడా వాడి ఉండరు. ఎంత రుద్దినా నా రంగు నాతోనే ఉండిపోయింది. మేడం నన్ను ఎగాదిగా చూసి అన్నది:

"ఏం శారదమ్మ, మొఖానికి గింత సున్నం గొట్టినవు. పండుగ దగ్గర్ల ఏం లేదు గద?"

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఒక్కదాన్నే కూర్చుని అన్నం తిన్నాను. మర్నాడు కావాలనే ఇంకాస్త ఎక్కువ కొట్టుకుని వెళ్ళాను, నేనేం తక్కువ తిన్నానా! ఆమెకు కోపం రాలేదు. తానూ నాకంటే ఒక పాలు ఎక్కువ నలుపే. నా పక్కన చేరి మెల్లగా, మన జిల్లా పేరే నల్లగొండ, తెల్లగొండ అని మార్చమని ఇప్పటిదాక ఎవరన్న దరఖాస్తు పెట్టిన్రా అని అడిగింది. నవ్వకూడదని పళ్ళు బిగపట్టుకున్నాను కానీ నావల్ల కాలేదు.

మా బళ్ళో తొమ్మిదో తరగతిలో మౌనిక అని ఒక పిల్ల ఉండేది. గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. వాళ్ళ తాత బీరయ్య ఒగ్గు కథలు చెప్పేవాడు. ఒగ్గు కథ వినని వాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. కథకుడు ఒక మాట విడవగానే పక్కనున్న వంతవాళ్ళు "ఆఁ" అని అందుకుంటారు. ఆ "ఆఁ" పడితేనే అతనికి తర్వాతి మాట వస్తుంది. మౌనికకు తాత గొంతే వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని తమ కులదైవం బీరప్ప కథ ఎత్తుకుందంటే, గంట కొట్టే అటెండరు కూడా గంట మరిచిపోయేవాడు.

ఆ ఏడు వార్షికోత్సవానికి నాటకం అనుకున్నారు. మన బడుల్లో నాటకమంటే ఒక రివాజు ఉంది. ఎర్రగా ఉన్న పిల్లలు రాజులు, రాణులు. నల్లగా ఉన్నవాళ్ళు భటులు, రాక్షసులు. తప్పనిసరై నల్లపిల్లకు మంచి వేషం ఇస్తే, గుర్తుపట్టలేనంత పౌడరు పూస్తారు. మౌనిక లేచి రాణి వేషం నేను వేస్తానంది. కరెంటు పోతే రాణిని ఎక్కడని వెతకాలని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. తరగతంతా పగలబడి నవ్వింది. మర్నాటి నుంచి మౌనిక బడికి రాలేదు.

మేడం, నేను కలిసి వాళ్ళ మంద దగ్గరికి వెళ్ళాం. ఎండ పెద్దగా లేకపోయినా ఆ పిల్ల కళ్ళు తప్ప మొహమంతా చున్నీతో చుట్టుకుని గొర్రెల వెనక నిలబడింది. వాళ్ళమ్మ మాతో గోడు వెళ్ళబోసుకుంది. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చాటుకు పోతోందట, కథ చెప్పమని తాత బతిమాలినా నోరు విప్పడం లేదట. ఇంక పదో తరగతి ఎక్కడిది, చదువు ఇంతటితో సరి అన్నది. నాకు భయం వేసింది. ఆ వయసులో ఒకసారి బడి తప్పిన పిల్లలు మళ్ళీ రావడం నేను తక్కువే చూశాను. బుజ్జగించబోతే మౌనిక నా మాట సగంలోనే తుంచేసింది.

"బడికి రాను మేడం. స్టేజీ దిక్కు అసలే రాను."

మేడం నీతులేమీ చెప్పలేదు. ఓ గొర్రెపిల్ల చెవి నిమురుతూ, పోనీ సినిమాకైతే వస్తావా అని అడిగింది. మౌనిక తాత వస్తే వస్తానంది.

నల్లగొండలో అప్పుడొక డబ్బింగు సినిమా ఆడుతోంది. ఆఫ్రికాలో ఒక కొండల రాజ్యం. దాని రాజు గాల్లో ఎగురుతాడు, ఒట్టి చేత్తో పిడుగును పట్టి ఆపుతాడు. రాజు నుంచి గొర్రెల కాపరి దాకా అందరూ నల్లవాళ్ళే. బస్టాండు దగ్గర ఆ పోస్టరు చూసి కుర్రాళ్ళు వేసిన జోకులు నా చెవిన పడ్డాయి. నేను మేడంతో గట్టిగానే వాదించాను. హాలంతా నవ్విందనుకోండి, ఆ పిల్ల మొహం మీద చున్నీ జన్మలో తీయదు అన్నాను. ఆమె వేళ్ళతో తన కుర్చీ మీది గొంగడి అంచును పోగులు వచ్చేలా నలుపుతోంది. ఆమెకూ నాకున్నంత భయం ఉందని నాకప్పుడు తెలిసింది.

"నాకు గూడ అదే ఫికర్ అయితాంది. కాని ఇంట్ల దాసుకుంటె నవ్వెటోళ్ళు నవ్వుడు మానరు గద బిడ్డా. పోదాం."

తల్లిదండ్రుల దగ్గర ఒప్పుకోలు తీసుకుని తొమ్మిదో తరగతి పిల్లలందరినీ ఆదివారం మార్నింగ్ షోకు తీసుకెళ్ళాం. బీరయ్య తాత ఇస్త్రీ ధోవతి కట్టి, భుజాన గొంగడితో వచ్చాడు. మౌనికను తనకూ మేడానికీ నడుమ కూర్చోబెట్టుకున్నాడు. తెర మీద రాజు కనబడగానే నేను భయపడ్డదే జరిగింది. లైట్లు వేయండ్రా, మనిషి కనబడుతలేడు అని వెనక నుంచి ఎవడో అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. మౌనిక సీట్లో కిందికి జారిపోయింది. నాకు పిల్లల్ని లేపి తీసుకెళ్ళిపోదామా అనిపించింది. మేడం నా మోచెయ్యి పట్టుకుని కదలనివ్వలేదు.

కొంతసేపటికి రాజుకు పట్టాభిషేకం వచ్చింది. ముడతలు పడ్డ ఒక ముసలి నాయనమ్మ డప్పు ముందు నిలబడి వాళ్ళ వంశంలోని పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టింది. మొదటి పేరు చెప్పి ఆగింది. డప్పు ఒక దెబ్బ పడింది. అప్పుడు మా వరుసలోంచి బీరయ్య తాత గొంతు ఖంగుమంది.

"ఆఁ!"

జనం తలలు తిప్పి నవ్వారు. తాతకు అదేమీ పట్టలేదు. ముసలామె ఇంకో పేరు చెప్పింది, తాత ఇంకోసారి "ఆఁ" అన్నాడు. సిగ్గుతో నేను తల వంచుకోబోతుంటే, మూడో పేరుకు మా హెడ్మాస్టరు మేడం కూడా గొంతు కలిపింది! ఇంక పిల్లలు ఆగుతారా? నేనూ అన్నాను. ఆ ఊరి జనానికి కథ ఎక్కడ అందుకోవాలో ఒకరు నేర్పాలా? చిన్నప్పటి నుంచి జాతర్లలో విన్నదే కదా. ఒక్కో వరుసా అందుకుంటూ పోయింది. చివరి పేరుకు, ఇందాక లైట్లు వేయమన్న మూల నుంచి కూడా "ఆఁ" వచ్చింది.

తర్వాత ఎవరూ రంగు మాట ఎత్తలేదు. యుద్ధంలో రాజు దెబ్బ తిని పడిపోయాడు. నాయనమ్మ మళ్ళీ ఆ పేర్లే ఎత్తుకుంది. ఈసారి తాత కంటే ముందు పలికింది మౌనిక. నేను తిరిగి చూస్తే చున్నీ మెడలోకి జారి ఉంది, తెర వెలుగులో మొహమంతా కనబడుతోంది. రాజు లేచి నిలబడ్డాడు. హాలంతా ఈలలు. మేడం చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, గండం గడిచింది శారదమ్మ అన్నది. ఇంటికెళ్ళి ఆ రోజు నేను రెండు పూటల అన్నం ఒక్క పూటే తిన్నాను.

బయటికి వచ్చాక కుర్రాళ్ళు కొందరు తాతను చుట్టుముట్టి, మళ్ళీ ఏ సినిమాకు వస్తావు తాతా అని అడిగారు. ఆయనకు వాళ్ళ సరదా అర్థం కాలేదు.

"గా ముసలామె ఎంత మంచిగ చెప్తాంది. పక్కన ఒక్కడన్న ఆఁ అంటలేడు, పాపమనిపిచ్చింది. అందుకే నేనన్న."

సోమవారం మౌనిక బడికి వచ్చింది. వార్షికోత్సవంలో నాటకం తీసేసి ఆ పిల్ల చేత కథ పెట్టించారు. ఎవరో అలవాటుగా పౌడరు డబ్బా తెస్తే, మేడం అది లాక్కుని క్యారం బోర్డు మీద చల్లుకోండి పొమ్మంది. మౌనిక స్టేజీ ఎక్కింది, మొదటి మాట చెప్పింది, ఎదురుగా ఊరు ఊరంతా కనబడేసరికి బిగుసుకుపోయింది. పక్కన వాయించడానికి కూర్చున్న తాత డోలు మీద చెయ్యి పెట్టి బిత్తరపోయి చూస్తున్నాడు. అప్పుడు ముందు వరుసలో పెద్దమనుషుల నడుమ కూర్చున్న మేడం "ఆఁ" అన్నది. మౌనికకు రెండో మాట వచ్చింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మేడం నాకు నేర్పింది ఇదొక్కటే, నా ఉద్యోగానికి ఇదే సరిపోతోంది. క్లాసులో ఏ పిల్లయినా లేచి నిలబడి మాట రాక వణుకుతుంటే, తప్పో ఒప్పో ముందు చెప్పనివ్వాలని "ఆఁ" అంటాను. పౌడరు డబ్బా కొనడం ఎప్పుడో మానేశాను. పోయినేడు మేడం చనిపోయింది. ఆమె కొడుకు ఆ గొంగడి తెచ్చి, అమ్మ మీకిమ్మన్నదని నా చేతిలో పెట్టాడు. బళ్ళో జరిగిన సంతాప సభకు పాత విద్యార్థులు కూడా వచ్చారు, నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందుకు వెళ్ళి, యాదమ్మ మేడం అని పేరు చెప్పి ఆగిపోయాను. ఎంతకూ మాట పెగలలేదు. జనం ఎదురు చూస్తున్నారు. వచ్చి కూర్చుందామని వెనక్కి తిరగబోయాను.

వెనక వరుసలోంచి మౌనిక "ఆఁ" అన్నది.

నేను మైకు సర్దుకుని, మొదటి రోజు నా మొహానికి కొట్టుకున్న సున్నం దగ్గరి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.