ఏదైతేనేంగారి బటన్

పాము పగ పన్నెండేళ్ళంటారు. మా పిన్ని ఎదురుపడితే ఆ పాము కూడా తోక ముడుస్తుందని బాబాయి అంటాడు.

పిన్ని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేది. ఫైళ్ళలో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, అడిగితే పాత ప్రతిని తిరిగిచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. అందులో బటన్ల మీద మాటలు రాయడం పిన్ని పని. ఒక పనికి ఒకే మాట, ఒక మాటకు ఒకే పని ఉండాలని ఆమె పట్టుబట్టేది. మేనేజరేమో, "పేరు ఏదైతేనేం అమ్మా, పని జరిగితే చాలు" అనేవాడు. అందుకే వెనకాల అందరూ అతన్ని ఏదైతేనేంగారు అనేవాళ్ళు.

ఒక తెర మీద 'తీసెయ్' నొక్కితే ఫైలు జాబితాలోంచి మాత్రమే పోతుంది. ఇంకో తెర మీద అదే 'తీసెయ్' ఫైలునే చెరిపేస్తుంది. రెండోదాన్ని 'చెరిపెయ్' అని మార్చమని పిన్ని నెత్తీ నోరూ బాదుకుంది. వింటేగా.

పక్క సీటులో బొమ్మలు గీసే అమ్మాయి ఉండేది. పిన్నిని అక్కా అని పిలిచేది. ఒకరోజు జాబితా సర్దుతున్నాననుకుని ఆ రెండో బటన్ నొక్కింది. ఇంకా భద్రపరచని బొమ్మలు, నెలల కష్టం, గాలికి పోయాయి. "పోయినవి తిరిగొస్తాయా? ఇంత అజాగ్రత్తా?" అని ఏదైతేనేంగారు ఆ రోజే ఆమెను ఉద్యోగంలోంచి పంపేశాడు. ఆ పిల్ల ఏడుస్తూ సంచీ సర్దుకుంటుంటే పిన్నికి కడుపు మండిపోయింది. అయినా నోరెత్తలేదు. పిన్ని నోరెత్తలేదంటే అవతలివాడికి మూడినట్టే.

ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు రానే వచ్చింది. అంతకుముందు ఏదైతేనేంగారి చెయ్యి ఆ బటన్ మీదికి వెళ్ళినప్పుడల్లా, "సార్, అది కాదు" అని పిన్నే ఆపేది. ఆ రోజు చేతులు కట్టుకుని చూసింది. అతను జాబితా శుభ్రం చేద్దామని నొక్కాడు. వాళ్ళకు చూపించాల్సిందంతా, అదీ ఇంకా భద్రపరచకుండానే, తుడిచిపెట్టుకుపోయింది.

"ఇదేంటమ్మా, ఎక్కడికి పోయింది?"

"ఏదైతేనేం సార్, పని జరిగిందిగా."

అతని తొందర తెలిసిన పిన్ని ముందే ఒక ప్రతి తీసిపెట్టుకుంది. అతన్ని పక్కకు పిలిచి పెన్‌డ్రైవ్ చూపించింది.

"ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యండి. తప్పు మీదేనని చెప్పి వెనక్కి పిలవండి. ఆమె వస్తే ఇదీ వస్తుంది."

అతను చెమట తుడుచుకుంటూ ఫోన్ చేసి, తప్పు నాదేనన్నాడు. అవతలినుంచి ఆ అమ్మాయి, "నేను రానండీ" అని పెట్టేసింది.

పిన్ని పెన్‌డ్రైవ్‌ను హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది.

"అడిగాను కదమ్మా" అన్నాడతను.

"పోయినవి తిరిగొస్తాయా సార్?"

కొనేవాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రానికి పిన్ని ఉద్యోగమూ పోయింది. ఇంటికొచ్చి, ఆ పూట కడుపునిండా తింది.