సగం హాలు మూగబోయిన రోజు

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందులో, చెప్పుల దుకాణం మీది అంతస్తులో, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే హాలు ఉంది. అక్కడి యంత్రాల మంచిచెడ్డలు చూసేది నేనే. బల్లల మీద ఉండేవి చిన్న డబ్బాలు. వాటికి సొంత బుర్ర లేదు. గోడవారన ఇనుప కబ్బోర్డులో ఉన్న లైనక్స్ సర్వర్ ఒక్కటే వాటన్నిటినీ నడుపుతుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు కూడా అక్కడినుంచే వస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మేడమ్ మాట వినబడదని చిన్న స్పీకర్లే వాడతారు. లోపలికి అడుగుపెడితే తేనెతుట్టె కింద నిలబడ్డట్టుంటుంది.

ఒకరోజు పొద్దున్నే మేడమ్ ఫోన్ చేసింది. ఆమెకూ చిన్నప్పుడే చూపు పోయింది. కాచిగూడ నుంచి రోజూ ఒక్కతే వచ్చి పాఠం చెబుతుంది. సగంమందికి గొంతు వస్తోందట, సగంమందికి లేదట.

వెళ్లి చూస్తే అది వరసలవారీగా కూడా లేదు. ఒక డబ్బా మాట్లాడుతుంటే పక్కది మూగగా ఉంది. సర్వర్ నుంచి, డబ్బాలన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెలోకి రెండు కేబుళ్లు పోతాయి. రెంటినీ కలిపి ఒకే దారిగా కట్టి ఉంచారు, ఒకటి తెగితే రెండోది పని చేయాలని. రెండూ బాగున్నాయా అని సర్వర్‌ను అడిగాను. బాగున్నాయంది. నమ్మి, బల్లల కింద దూరి ఒక్కో వైరూ చూస్తూ మధ్యాహ్నం చేశాను.

ఇక తోచక, మూగ డబ్బాను తీసి మాట్లాడే దాని చోట పెట్టాను. అక్కడా మూగే. మాట్లాడేది మాత్రం మూగదాని చోటికి వెళ్లినా మాట్లాడింది. చోటుది కాదు తప్పు. అలాగని ఇన్ని డబ్బాలు ఒకేసారి చెడిపోవు కదా.

నేల మీద కూలబడ్డాను. మేడమ్ వచ్చి పక్కన కుర్చీలో కూర్చుని ఏమైందని అడిగింది. సర్వర్ ఒక్కో డబ్బాకు పుట్టుకతోనే ఉండే అడ్రసును బట్టి దానికి ఏ కేబుల్లో జవాబు పంపాలో తేల్చుకుంటుందని చెబుతున్నాను. చెబుతుండగానే తట్టింది, మూగవన్నీ ఒకే కేబుల్ వంతుకు వచ్చినవైతే?

లేచి కబ్బోర్డును పక్కకు జరిపాను. వెనక రెండు పచ్చ దీపాలు వెలగాలి, ఒకటే వెలుగుతోంది. మొన్న సెలవుల్లో గోడలకు రంగులేసినవాళ్లు కబ్బోర్డు జరిపినప్పుడు దాని కాలు కింద పడి కేబుల్ నలిగిపోయింది. కేబుల్ బతికుందో లేదో చూస్తూ ఉండమని చెబితేనే సర్వర్ చూస్తుంది. ఎంతసేపటికోసారి చూడాలో చెప్పే అంకె ఒకటుంటుంది, మొదట సర్వర్‌ను పెట్టినవాళ్లు దాన్ని సున్నాగా, అంటే అసలు చూడొద్దన్నట్టు వదిలేశారు.

అంటే పొద్దున్నుంచీ మూగ డబ్బాలు పిలుస్తూనే ఉన్నాయి. స్విచ్ తెగిన తీగను వదిలేసింది కనుక వాటి పిలుపు మంచి కేబుల్లోంచి సర్వర్‌కు చేరుతూనే ఉంది. అదీ ప్రతిసారీ జవాబు పలుకుతూనే ఉంది, చచ్చిన తీగలోకి. పలికాననే అనుకుంటోంది.

అంకె మార్చి కొత్త కేబుల్ వేశాను. ఒక్కొక్క డబ్బా మేలుకుని హాలంతా మళ్లీ గుయ్యిమంది. ఇప్పుడు ఒక కేబుల్ పీకి పరీక్ష చేయాలని మేడమ్‌తో అన్నాను.

"నేనే తీస్త. చెయ్యి పట్టి చూపియ్యి," అంది.

ఆమె వేలును క్లిప్పు మీద పెట్టాను. నొక్కి, మెల్లగా లాగింది. హాలులో ఒక్క గొంతు కూడా తడబడలేదు. ఎవరో కథ వింటున్నారు, ఎవరో అక్షరాలు ఒక్కొక్కటే సరిచూసుకుంటున్నారు. మేడమ్ తల కొంచెం వంచి చాలాసేపు విన్నది.

"నిజంగ తీసిన్నా?"

"ఔ మేడమ్. మీ చేతిలనే ఉంది."

"వాళ్లకు తెల్వనే లేదు," అంది, గుసగుసగా.

నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇది. తెర మీద ఒక గీత పోయి ఇంకో గీత రావడమే ఎప్పుడూ చూశాను. అంతమంది గొంతులు ఒక దారి వదిలి ఇంకో దారి పట్టడం, ఏ మాటా మధ్యలో తెగకపోవడం చెవులతో వినడం అదే మొదలు.

వెనక వరసలోంచి ఒకామె మేడమ్‌ను పిలిచింది, 'సంతోషం'లో సున్నాలు ఎన్నని. మేడమ్ కేబుల్ నా చేతిలో పెట్టి, బల్లల అంచులు తాకుతూ అటు వెళ్లింది.