కుడి చివర చోటు

ఫోన్ కొనడానికి వచ్చేవాళ్ళు చాలామంది మనసులో ఒకటి కొనేసుకున్నాకే షాపులో అడుగుపెడతారు. మనం "బాగుంటుంది" అంటే చాలు. మెల్బోర్న్ శివార్లలో, క్రాన్‌బర్న్ షాపింగ్ సెంటర్‌లోని ఫోన్ల షాపులో పనికి చేరిన కొత్తలోనే నాకు ఆ సంగతి అర్థమైంది. ఒకపక్క యూనివర్సిటీ చదువు, ఇంకోపక్క గంటల లెక్కన చేసే ఈ క్యాజువల్ ఉద్యోగం. వచ్చినవాళ్ళు కెమెరా గురించి అడుగుతారు, బ్యాటరీ గురించి అడుగుతారు, ఇంకా ఏ రంగులున్నాయని అడుగుతారు. పాటలు వినడానికి ఏది మంచిదని అడిగేవాళ్ళు అరుదు. అలాంటివాళ్ళు దొరికితే నేను వదలను. నాకు తెలిసిందంతా వాళ్ళ చెవిలో పోసేదాకా నాకు తోచదు.

మా ఇంట్లో నాతోపాటు ఉండే అనీషా ఆ మాట అడిగినప్పుడు నాకు పండగే అనిపించింది.

అనీషాది నర్సాపురం దగ్గర ఒక ఊరు. ఫుడ్ సైన్స్ చదువుతోంది. నాది కరీంనగర్. యూనివర్సిటీ ఉన్న క్లేటన్ దగ్గర ఇల్లు దొరక్క, రైలు మార్గం చివరికొచ్చి క్రాన్‌బర్న్‌లో పడ్డాం. మనిషి నెమ్మది. వంట బాగా చేస్తుంది. కానీ మా స్నేహితుల్లో ఆమెకి పొగరని పేరు. పిలిస్తే పలకదు. ఒకసారి పలుకుతుంది, ఇంకోసారి మనం గోడతో మాట్లాడుతున్నట్టు అటే చూస్తూ పోతుంది. పైగా ఎక్కడికి వెళ్ళినా ఆమెకి ఒకే చోటు కావాలి. సోఫాలో కుడి చివర. భోజనం బల్ల దగ్గర కుడి చివర. రైల్లో కుడిపక్కన కిటికీ వచ్చే సీటు దొరక్కపోతే నిలబడైనా వస్తుంది. "నీ సింహాసనం ఎవ్వరు ఎత్తుకపోరు తియ్" అని నేను ఏడిపించేదాన్ని. నవ్వేసి ఊరుకునేది.

అసలు సంగతేమిటంటే ఆమెకి కుడి చెవి వినపడదు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి, జ్వరంతో పాటే ఆ చెవీ పోయింది. ఆ సంగతి ఈ దేశంలో ఒక్కరికి కూడా చెప్పలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలో అన్నం తింటున్న నాకూ తెలియదు.

దాచడానికి కారణముంది. ఆమెకి పాటంటే ప్రాణం. సినిమా పాటలు కాదు, చర్చిలో అందరూ కలిసి పాడే పాటలు. నాలుగు రకాల గొంతులు నాలుగు దారుల్లో నడుస్తూ ఒకే పాటగా వినపడాలట. సోప్రానోలు అందరికీ తెలిసిన రాగం పాడతారు. ఆల్టోలు దాని కింద ఇంకో దారిలో పోతారు. అనీషా ఆల్టో. ఒకసారి వంట చేస్తూ తన భాగం ఒక్కటే పాడి వినిపించింది. పాటలా అనిపించనే లేదు, ఎవరో ఏదో ఆలోచిస్తూ గొణుక్కుంటున్నట్టుంది. ఆ మాటే అంటే, "ఒక్కదాన్నే పాడితే ఇంతేనే. పక్కనోళ్ళుంటేనే ఇది పాట" అంది.

మెల్బోర్న్‌లో మా వైపు తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అద్దె హాల్లో జరుగుతుంది. అక్కడ పాటలు నేర్పేది సుందర్ రాజు అంకుల్. బస్సు డిపోలో ఉద్యోగం, గొంతు మాత్రం పియానో పక్కన పుట్టినట్టుంటుంది. అనీషా ప్రతి ప్రాక్టీసుకీ అందరికన్నా ముందే వెళ్ళి ఆల్టోల వరసలో కుడి చివర నిలబడేది. అలా నిలబడితే మిగతా గొంతులన్నీ ఎడమ చెవికి అందుతాయి. ఆయన ఎదురుగా పాడి వినిపిస్తే ఈమె పట్టేసేది. అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

ఈస్టర్ దగ్గరపడ్డప్పుడు చిక్కు వచ్చింది. ఒకరికి పగలు డ్యూటీ, ఇంకొకరికి రాత్రి డ్యూటీ, ఆదివారం తప్ప అందరూ కలిసే వీల్లేదు. అంకుల్ వాళ్ళబ్బాయి ఎబెన్ కంప్యూటర్ పట్టినవాడు. తల్లిదండ్రుల చేత పాడించి రికార్డింగులు తయారుచేసి అందరి ఫోన్లకీ పంపాడు. ఎవరి భాగం వాళ్ళకి కుడి చెవిలో వినపడుతుంది, మిగతా వాళ్ళంతా ఎడమ చెవిలో పాడతారు. ఎంత తెలివైన ఏర్పాటు! అందరూ మెచ్చుకున్నారు. అనీషాకి మాత్రం నేర్చుకోవాల్సిన భాగమంతా వినపడని చెవిలోకే పోయింది.

ఇంట్లో స్పీకర్‌లో పెట్టుకుంటే అంతా కలిసి వినపడేది. కానీ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉంటారు. "ఇయర్‌ఫోన్స్ వెట్టుకో తల్లీ" అని అరిచేది నేనే. ఆమెకి తీరిక దొరికేది రైల్లోనే. కుడిది తీసి ఎడమ చెవిలో పెట్టుకుని తన భాగం ఒక్కటే విని కంఠతా పట్టింది. ప్రాక్టీసులో అందరూ ఎత్తుకోగానే అది గాలికి పోయింది, గొంతు సోప్రానో మీదికి జారిపోయింది. ఆ తర్వాతి వారమూ అంతే. అంకుల్ కోప్పడలేదు. "ఈసారికి సోప్రానోల్లో నిలబడమ్మా, ఆ ట్యూన్ నీకొచ్చు కదా. వచ్చే ఆదివారం చూద్దాం" అన్నారట. ఆ మెత్తదనమే ఆమెకి గుండెల్లో గుచ్చుకుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన కథ. ఆ వారం ఒకరోజు షాపు ఖాళీగా ఉంటే అనీషా వచ్చి నిలబడింది.

"తేజూ, పాటలు వినడానికి మంచి ఫోన్ ఏదైనా చూపించవే."

"గట్ల రా దారికి! ఇన్నొద్దులకు ఒక్క మంచి మాట అడిగినవ్" అన్నాను.

నా ఉత్సాహం చూడాలి. ఒక ఫోన్ తీసి దాని శబ్దం ఎంత నిండుగా ఉంటుందో చెప్పాను. ఇంకోటి తీసి అందులో స్వరాలు ఎలా విడివిడిగా వినపడతాయో చెప్పాను. ఆమె తెర వంక చూడలేదు, కెమెరా వంక చూడలేదు. షాపులో వినిపించడానికి ఉంచిన ఇయర్‌ఫోన్స్ తీసుకుని, ఎబెన్ పంపిన ఈస్టర్ పాట పెట్టుకుని, ఎడమది ఒక్కటే చెవిలో పెట్టుకుంది. తర్వాత అది తీసి, కుడిది అదే చెవిలో పెట్టుకుంది. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇందులోనూ అంతే."

ఇంకోటి ఇచ్చాను. దానికంటే పెద్దది ఇచ్చాను. చివరికి, మేనేజర్ తప్ప ఎవరూ తీయని అద్దాల బీరువా తాళం తీసి అందులోది కూడా ఇచ్చాను. ప్రతిదానికీ అదే వరస, అదే మాట. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"అంతే అంటే ఏంది? బేస్ తక్కువైందా? క్లారిటీ లేదా? ఏదో ఒకటి జెప్పు!"

"అది కాదే. పాట సగమే వస్తంది."

లాక్కుని రెండూ నా చెవుల్లో పెట్టుకున్నాను. ఒకపక్క ఒక గొంతు, రెండోపక్క మిగతా అందరూ. చక్కగా ఉంది.

"పాట మొత్తం వస్తున్నది గదా! నీకేమన్న చెవుడా?"

మనం రోజూ ఎంతమందిని అనం ఆ మాట! అన్నం తినమని పిలిస్తే రాని తమ్ముణ్ణి అంటాం, లెక్క చెయ్యని స్నేహితురాలిని అంటాం. అనీషా ఫోన్ ఛార్జరు తీగ వంక చూస్తూ, "అవునే. ఒక చెవికి" అంది.

నాలుక కరుచుకున్నాను. ఇంకో కస్టమర్ వస్తే బాగుండునని తలుపు వైపు చూశాను. ఎవరూ రాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పిల్లల కోరస్‌లో పాడే రోజుల్లో, చెవి సంగతి తెలిసిన పాటల మాస్టారు, "ఒక చెవితో కోరస్ ఏంటమ్మా, వెళ్ళి బెంచీ మీద కూర్చో" అని అందరి ముందూ పంపేశాడట. ఆ ఆదివారం నుంచి ఆ చర్చిలో నోరు విప్పలేదట. ఈ దేశం వచ్చాక, తెలిసినవాళ్ళెవరూ లేరు కాబట్టి మళ్ళీ పాడింది.

"అంకుల్‌కి చెప్తే బెంచీ మీదికి పంపేస్తారు. చెప్పకపోతే సోప్రానోలోకి పంపేస్తారు. రెండు పక్కలదీ ఒక్క చెవిలోకి వచ్చే ఫోన్ ఏదైనా ఉందేమో చూడవే. ఎంత పెద్ద ఫోనైనా సరే."

అడగడానికి ఎంతసేపు తిప్పలు పడిందో! ఈ ఒక్క మాట ముందే అడిగి ఉంటే నేను బీరువా తీసేదాన్నే కాదు. కానీ ఈ మాట అడగాలంటే ముందు ఆ మాట చెప్పాలి. చెప్పకుండా అడగడానికే ఆమె షాపంతా తిరిగింది.

"నీ ఫోన్ ఇటియ్యి" అన్నాను. నర్సాపురం నుంచి తెచ్చుకున్నది, మూల పగిలిపోయింది. ఒకసారి ఒక పెద్దాయన వినికిడి మిషన్ పెట్టుకుని వస్తే మా మేనేజర్ ఆయన ఫోన్‌లో ఏదో మార్చి ఇవ్వడం చూశాను. వెతికాను. సెట్టింగుల్లో అట్టడుగున, ఎవరూ పోని చోట, మోనో ఆడియో అని ఉంది. దాన్ని నొక్కితే రెండు పక్కల శబ్దమూ కలిసిపోయి ఏ చెవిలోనైనా మొత్తం వినపడుతుంది. నొక్కి, ఎడమ ఇయర్‌ఫోన్ ఆమెకి ఇచ్చాను.

పాట మొదలైంది. ఆమె కదల్లేదు. కాసేపటికి కౌంటర్ అంచు పట్టుకుంది.

"అందరూ ఉన్నారే" అంది.

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇన్నేళ్ళూ అది ఆమె జేబులోనే ఉంది. ఫోన్లు అమ్మేదాన్ని, అన్నీ తెలుసని డబ్బా కొట్టుకునేదాన్ని, నేను ఆమె పక్క గదిలోనే ఉన్నాను. అడిగేవాళ్ళు లేక అది అక్కడే పడి ఉంది. మేనేజర్ వచ్చి నీ ఫ్రెండ్ ఏం కొన్నదని అడిగితే, ఏమీ కొనలేదని చెప్పాను.

"అంకుల్‌కి చెప్పకే" అంది వెళ్తూ వెళ్తూ.

"నేనెందుకు చెప్త? చెప్పేదుంటే నువ్వే జెప్తవ్."

ఆ వారమంతా రైల్లో నేను ఆమె ఎడమపక్కనే కూర్చున్నాను. ఒక్క చెవికే ఇయర్‌ఫోన్, మోకాలి మీద వేళ్ళతో తాళం. లిన్‌బ్రుక్ స్టేషన్ దాటేసరికి పెదాలు కదిలేవి. నేను మాట్లాడించలేదు. నాకది కొత్త.

ఆదివారం నేనూ వెళ్ళాను. భక్తితో అని చెప్పను, ప్రాక్టీసు అయ్యాక అంకుల్ భార్య సువర్ణకుమారి ఆంటీ పెట్టే ఎగ్ పఫ్స్ కోసమూ, నా పనితనం ఎలా ఉందో చూసుకోవడానికీ. ఈస్టర్ కోసం అంకుల్ వరసలు మార్చారు. పొడుగువాళ్ళని చివర్లకి పంపారు. ఆల్టోల్లో కుడి చివర సువర్ణకుమారి ఆంటీ నిలబడ్డారు. అనీషాకి మధ్యలో చోటిచ్చి, "ఈసారి కూడా తప్పితే సోప్రానోలోకి వెళ్ళిపోదువుగాని తల్లీ" అన్నారు అంకుల్.

పాట ఎత్తుకున్నారు. నాకు సంగీతం రాదు. కానీ ఆ గొణుగుడు నాకు తెలుసు, వంటింట్లో విన్నాను. అందరి గొంతుల కింద అది జారిపోకుండా నడుస్తోంది. చివరిదాకా నడిచింది. అంకుల్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి నవ్వారు.

"ఏం ఫోన్ కొన్నావమ్మా? మొన్న కొత్త ఫోన్ చూస్తున్నానన్నావుగా. ఒక్క వారంలో ఎంత తేడా! పేరు చెప్పు, మన టెనర్ కుర్రాళ్ళందరి చేతా అదే కొనిపిస్తాను."

అందరూ నవ్వారు. వెనక నుంచి ఎబెన్, "యా అనీషా, విచ్ వన్?" అన్నాడు. ఒకాయన రాసుకోవడానికి ఫోన్ కూడా తీశాడు.

అనీషా నా వంక చూసింది. బీరువాలోని పెద్ద ఫోన్ పేరు నా నోటి చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే అయిపోయేది. నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"ఆయ్, పాత ఫోనేనండి అంకుల్. నాకు కుడి చెవి వినపడదండి, చిన్నప్పటి నుంచీ. రికార్డింగ్‌లో నా పార్ట్ ఆ చెవిలోకే వచ్చేదండి. అందుకే నేర్చుకోలేకపోయాను. తేజు ఫోన్‌లో మార్చి ఇచ్చింది."

ఎవరూ ఏమీ అనకముందే అనీషా పాట కాగితం మడిచి, వరస దిగి, గోడ పక్క బెంచీ మీదున్న తన బ్యాగు దగ్గరికి నడిచింది. ఎక్కడికి పంపుతారో తెలిసినట్టే నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరైనా ఒక్క మాట తేడాగా అంటే కడిగెయ్యాలని లేచి నిలబడ్డాను.

"ఎక్కడికమ్మా? ప్రాక్టీస్ అవ్వలేదుగా" అన్నారు అంకుల్.

ఆమె బ్యాగు పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన కీబోర్డు మీద వేలితో ఒకే మెట్టు నొక్కుతూ కాసేపు వరస వంక చూశారు.

"అయితే నీకు కుడిపక్కన ఎవరూ ఉండకూడదన్నమాట. ముందే చెప్తే అలాగే నిలబెట్టేవాణ్ణి కదమ్మా. సువర్ణా, నువ్వు లోపలికి జరుగు."

"ఐ కెన్ రీమిక్స్ ఇట్, డాడ్" అన్నాడు ఎబెన్.

సువర్ణకుమారి ఆంటీ కాళ్ళ దగ్గరున్న నీళ్ళ సీసా తీసుకుని ఒక అడుగు ఎడమకి జరిగారు. ఆవిడ జరిగితే పక్కావిడ జరిగింది. వరసంతా జరిగింది. కుడి చివర ఖాళీ అయింది.

అన్నాళ్ళూ ఆ చోటు కోసం అనీషా అందరికన్నా ముందే వచ్చి నిలబడేది. ఆ రోజు అందరూ నిలబడ్డాక, కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా వెళ్ళి నిలబడింది.