అక్క నా పెరటికి నీళ్ళు పోసిన ఎండాకాలం

శివరాత్రి వెళ్ళిన వారానికే నేను పెరట్లో పాదులు తీసేదాన్ని. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో మా ఇంటి వెనక నాలుగు మంచాలు వేసుకునేంత జాగా ఉండేది. అందులోనే వంగ నారు, టమోటా నారు నాటి, గోడ పక్కన బీర, సొర విత్తనాలు పెట్టేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలమది. ఊళ్ళో జనం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం కాచుకునేవాళ్ళు. మా కొళాయి మాత్రం పొద్దున పూట తప్పకుండా వచ్చేది. దానికి పైపు తగిలించి మడుల్లోకి వదిలేసి, లోపలికి పోయి కాఫీ పెట్టుకునేదాన్ని.

ఆ ఏడు నారు నాటిన కొద్ది రోజులకే, తడి బండ మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేసి, బరువు ఎత్తొద్దన్నారు. నాకు సాయానికి శింగనమల దగ్గరి పల్లె నుంచి మా అక్క వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తనకు పెళ్ళయితే నన్నూ వెంటబెట్టుకుని అత్తగారింటికి పోయింది. నేను చదువుకున్నదీ, పెళ్ళికూతురినై బయలుదేరిందీ ఆ ఇంటి నుంచే.

అక్కా బావలకు బోరు కింద చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. అక్క ఎప్పుడు వచ్చినా సంచీ మోయలేనన్ని కాయలు తెచ్చేది. ఈసారి సంచీలో చీరలు తప్ప ఏమీ లేవు.

"కాయలు తేలేదేమక్కా?" అని అడిగాను.

"ఈసారి కాపు లేదులే పాపా," అంది.

నేను ఇంకేమీ అడగలేదు. నా చెయ్యి నొప్పి నాకే సరిపోయింది.

మరుసటి పొద్దున అక్క పైపు చివర పట్టుకుని కొళాయి తిప్పింది. నీళ్ళు ఒక్కసారిగా వచ్చి మడిలో మట్టిని తోసుకుపోయాయి. అక్క గబుక్కున కొళాయి కట్టేసింది. బకెట్టు నింపుకుని, చెంబుతో ఒక్కో మొక్క దగ్గరా వంగి, మొదట్లోనే పడేటట్టు పోయసాగింది.

"పైపు పెట్టక్కా, నడుము పట్టుకుంటాది."

"ఇన్ని నీళ్ళు నేలకు ఇడిసిపెట్టాలంటే నాకు చేతులు రావే," అంది.

నాకు నవ్వొచ్చింది. పల్లెటూరి పొదుపు అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఎండ ముదిరింది. మధ్యాహ్నానికే వంగ మొక్కలు తలలు వాల్చేసేవి. బీర తీగ కొసలు ఎండిపోయాయి. ఒక పొద్దున, రాత్రంతా కట్టు లోపల దురదతో నిద్రలేక లేచి వచ్చేసరికి, అక్క మళ్ళీ అదే చెంబుతో కనబడింది. నాకు విసుగు ఆగలేదు.

"నువ్వు పోసే నీళ్ళకు వేరు గూడా తడవదు. చెట్లను సంపుతాండావు. తోట ఉండేదానివి, నీకు నేను చెప్పాల్నా?"

అక్క చెంబు కింద పెట్టింది. నా వైపు చూడలేదు.

"తోట యాడుందే," అంది.

నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది.

"మొన్న మాఘంలో కొట్టేపిచ్చినాము. బోరు ఎండిపోయి ఏడాదాయ. మీ బావ ట్యాంకర్లు తోలిపిచ్చి సూసినాడు. ఆకంతా రాలిపాయ. ఇంగ కట్టెలకిచ్చేస్తిమి. చెట్లు కొట్టే పొద్దు మీ బావ గట్టు మీదనే కూచున్నాడు. నేను పోలేదు. రంపం సప్పుడు ఇంట్లోకి ఇనపడ్తానే ఉండె."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నువ్వు మాత్రం ఏం జేస్తావు?"

ఆ చీనీ మొక్కలు నాటిన ఏడు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. బడి నుంచి వచ్చి అక్క వెనకే తోటలో తిరిగేదాన్ని. ఏ మొక్క ఎండిపోతే దాని చోట మరొకటి తెచ్చి పెట్టి, అది చిగురు వేసిందా లేదా అని రోజూ వెళ్ళి చూసేది అక్క. అలాంటి మనిషిని పట్టుకుని చెట్లను చంపుతున్నావన్నాను. క్షమించమని అడగడానికి కూడా నోరు పెగల్లేదు. ఆ పూట అక్కే నాకు అన్నం కలిపి పెట్టింది. మింగుడు పడలేదు.

మర్నాడు పైపు చప్పుడుకు మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి చూస్తే కొళాయి పూర్తిగా తిప్పి ఉంది. పాదులు పొంగి, నీళ్ళు గోడ కిందికి కాలవ కట్టాయి.

"చాలక్కా," అన్నాను.

"ఉండు, వేరు తడవాల గదా," అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. అదే నాకు ఎక్కువ తగిలింది.

కట్టు విప్పాక అక్క ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఏడు వంకాయలు విరగకాశాయి. మా ఆయన ఆఫీసులో అందరికీ పంచాడు. నేను మాత్రం తినలేకపోయాను. మళ్ళీ ఏడు రెండు మడులే వేశాను. ఎందుకని మా ఆయన అడిగితే చెయ్యి లాగుతోందన్నాను. నేను పోయని నీళ్ళు అక్క ఊరికి చేరవని తెలుసు. అయినా పైపు పట్టుకోబుద్ధి కాలేదు.

అక్కా బావా ఊరు విడిచి తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట పనికి చేరారు. ఒక వేసవిలో చూడ్డానికి వెళ్ళాను. రాయి వేడెక్కకుండా మిషన్ల మీద నీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. రాతిపిండి కలిసి, మజ్జిగలాగా తెల్లగా కాలవలో పోతున్నాయి. అక్క ఆ నీళ్ళలో నిలబడి బండలు కడుగుతోంది. కాళ్ళు నాని ముడతలు పడ్డాయి.

"సూడు, పొద్దంతా నీళ్ళలోనే ఉంటాను," అని నవ్వింది.

"ఇవి చెట్లకు పనికొస్తాయా అక్కా?"

"యాడ? పోస్తే మన్ను సిమెంటు మాదిరి బిగుసుకుంటాది."

మధ్యాహ్నం వాళ్ళ గదిలో అక్క కంచాలు పెడుతుంటే అప్పటికి నాకు నోరు వచ్చింది.

"ఆ పొద్దు నేనట్ల అనకూడదుండె అక్కా."

"యా పొద్దు?"

"చెట్లను సంపుతాండావంటి."

అక్క చెయ్యి ఆగింది. తర్వాత అన్నం వడ్డించింది. "నువ్వేమంటివో నాకు గుర్తే లేదు. అన్నీ మనసులో పెట్టుకుంటావు. తిను, సల్లారిపోతాది."

నిజంగా మరిచిపోయిందో, నా కోసం మరిచిపోయిందో నేను అడగలేదు. పెట్టినదంతా తిన్నాను. సాయంత్రం అక్క బస్టాండు దాకా వచ్చి, నాకు కిటికీ పక్క సీటు దొరికేదాకా కండక్టరుతో పోట్లాడింది.