సాక్ష్యం చెప్పని బర్నబా

పటాన్‌చెరు కంపెనీలో వెల్డింగ్ చేసే బర్నబా చర్చిలో ఎప్పుడూ చివరి వరుసలోనే కూర్చుంటాడు. దేవుడు చేసిన మేలు గురించి అందరూ లేచి సాక్ష్యం చెబుతుంటే, అతను తల వంచుకుని నిప్పురవ్వలకు కాలిన వేళ్లు రుద్దుకుంటాడు. "నోటికి గూడ వెల్డింగ్ కొట్టుకున్నవా ఏందన్నా?" అని పక్కన కూర్చునే థామస్ ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటాడు.

భర్త పోయాక, అదే చర్చికి వచ్చే మార్తమ్మ మాటా తిండీ మానేసింది. ఇంటినిండా జనం చేరి గట్టిగా ప్రార్థించినా పెదవి కదపలేదు. బర్నబా మాత్రం రోజూ డ్యూటీ దిగి వచ్చి, గడప దగ్గర ఊరికే కూర్చుని, చీకటి పడ్డాక వెళ్లేవాడు. ఒక సాయంత్రం మార్తమ్మే అడిగింది: "అన్నా, ఏమన్న తిన్నవా?"

"లేదమ్మా."

ఆమె లేచి స్టవ్ వెలిగించింది. ఇద్దరూ తిన్నారు.

ఆ ఆదివారం మార్తమ్మ సాక్ష్యానికి నిలబడింది. "బర్నబన్న నాకు ఒక్క మాట గూడ చెప్పలే. గందుకే నేను మాట్లాడిన" అంది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. బర్నబా తల వంచుకుని వేళ్లు రుద్దుకుంటున్నాడు.