పగడాల గోడ దిగిన బావి దేవేందర్

గంభీరావుపేట చుట్టుపక్కల ఉత్త దేవేందర్ అంటే ఎవరికీ తెలియదు. బావి దేవేందర్ అనాలి. ఏ రైతు మోటారైనా బావిలో మునిగిందంటే మొదటి ఫోను అతనికే వస్తుంది. నడుముకు తాడు కట్టుకుని, గుండెల నిండా ఒక్క దమ్ము పట్టి మునిగాడంటే రెండు నిమిషాల దాకా పైకి రాడు. గట్టు మీదివాళ్లు దేవుళ్లకు మొక్కడం మొదలుపెట్టే వేళకు, మోటారు దొరికిందని తాడు గుంజుతాడు. గుంటెడు భూమి కూడా లేని ఇంట్లో పుట్టిన మనిషి. గట్టు మీద ఎవరి పొలంలోనో కూలి, నీళ్లలో మాత్రం తనే పటేలు.

ఆ దర్జా చూసే ప్రేమ్‌సాగర్ మనసు పారేసుకున్నాడు. ఆయనది కోరుట్ల. నేవీలో పదిహేనేళ్లు డైవర్‌గా చేసి, ఇప్పుడు అండమాన్‌లో టూరిస్టులను సముద్రం లోపలికి తీసుకుపోయే సెంటర్ నడుపుతున్నాడు. వానాకాలంలో ఇంటికి వచ్చినప్పుడు అన్న బావిలో మోటారు మునిగితే దేవేందర్‌ను పిలిపించారు. రెండు నిమిషాల పది సెకన్లు. వాచీ చూసుకున్న ప్రేమ్‌సాగర్ నోరు వెళ్లబెట్టాడు.

"నాతోని అస్తవా తమ్మీ? ఈడ బావులల్ల ఎంత తిరిగినా గంతే. ఆడ సముద్రమున్నది" అన్నాడు.

బోర్లు వచ్చి బావుల పని ఎలాగూ తగ్గిపోయింది. దేవేందర్ ఇంకా ఆలోచిస్తుండగానే భార్య మంజుల జగిత్యాల పోయి కొత్త బ్యాగు కొనుక్కొచ్చింది. కొని ఊరుకుందా, అతను సిరిసిల్ల బస్సెక్కేలోపు "మా ఆయన సముద్రంల ఆఫీసరు" అని ఊరంతా చాటింపు వేసింది. ఇక వట్టి చేతులతో తిరిగివస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

అసలు తిప్పలు అక్కడికి పోయాక మొదలయ్యాయి. గాలి సిలిండర్ వీపున కట్టుకుని దిగే విద్యలో మొట్టమొదటి నియమం, దమ్ము బిగబట్టొద్దు. నోట్లోని గొట్టంతో పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. లోతులో పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ ఉబ్బుతుంది, బిగబట్టి లేచాడంటే ఊపిరితిత్తులు చిట్లుతాయి. చిన్న పిల్లలకైనా ఎక్కే మాట. మన దేవేందర్‌కే ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది, ఇరవై ఏళ్లుగా నీళ్లు తగలగానే దమ్ము పట్టడమే అన్నం పెట్టింది మరి. ఒడ్డు దగ్గర మూడుసార్లు దింపితే మూడుసార్లూ బిగబట్టాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు, ఈత కూడా సరిగ్గా రానివాళ్లు, బుడబుడమని బుడగలు వదులుతూ పాసైపోయారు. ఏ విద్య చూసి రమ్మన్నారో ఆ విద్యే ఇప్పుడు కాళ్లకు అడ్డం పడుతోంది.

"రేపు గోడ కాడికి పోదం. ఆడ గూడ దమ్ము పడితివంటే, నేనే టికెట్ కొని ఇంటికి తోలుత. నీ పానంతోని ఆటలాడ నేను" అన్నాడు ప్రేమ్‌సాగర్. కోపంతో అన్నా బాగుండేది. నెమ్మదిగా అన్నాడు, అందుకే దేవేందర్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

గోడ అంటే ఎవరో కట్టింది కాదు. సముద్రం అడుగున నేల ఉన్నట్టుండి తెగిపోయి, నిట్టనిలువునా కిందికి దిగిపోయే రాతి చరియ. పొద్దున్నే బోటు అక్కడ ఆగింది. ఇద్దరూ దిగారు. దేవేందర్ పీల్చాడు, వదిలాడు, పీల్చాడు, వదిలాడు, తల తిప్పి చూశాడు.

ఇక ఎక్కడ చూడాలో తెలియలేదు. గోడ ఒళ్లంతా పగడాలు, ఊదావి, ఎర్రవి, పసుపువి, చేటలంత విసనకర్రల్లా ఊగుతున్నాయి. శివరాత్రికి వేములవాడలో కూడా అంత సందడి ఉండదు. చారల చేపలు, చుక్కల చేపలు, ఒళ్లంతా ఈకలు విరబోసుకుని నిక్కుతున్న చేపలు. ఒక బొక్కలోంచి పాములాంటిది తల బయటపెట్టి, మీది ఏ ఊరన్నట్టు నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అవతల వేలకొద్దీ వెండి చేపలు ఒకే చుట్టుగా తిరుగుతున్నాయి. అడుగు కనిపించని బావుల్లో బురద తడుముకున్న కళ్లకు ఇదంతా ఒక్కసారే దొరికింది. గుండె గంతులు వేసింది.

సరిగ్గా అప్పుడు మంచమంత తాబేలు గోడ చాటు నుంచి వచ్చి, అతని మొహానికి మూరెడు దూరంలో ఆగి చూసింది.

దేవేందర్ దమ్ము ఆగిపోయింది. బుడగలు ఆగిపోయాయి. ఒళ్లు తేలికై మెల్లగా పైకి లేస్తోంది. అటు ప్రేమ్‌సాగర్ తాబేలును చూడటం లేదు, బుడగల కోసం చూస్తున్నాడు. చెయ్యి చాచి దగ్గరికి వస్తున్నాడు. అయిపోయింది, టికెట్టే అనుకున్నాడు దేవేందర్. పట్టిన దమ్ము వదలమంటే వదలదు.

ఆ భయంలో నోటి నుంచి ఒక్క మాట వచ్చింది. "మంజులా."

మాటతోపాటే బుడగల గుంపు బయటికి దూకింది. దేవేందర్‌కు తల మీద మొట్టికాయ పడ్డట్టయింది. మాట్లాడే నోరు దమ్ము పట్టలేదు కదా. ఇక ఆగలేదు. "గీ తాబేలు జూడే మంజులా, మన మంచమంత ఉన్నది. గా చేప నీ లెక్కనే నిక్కుతున్నది." గొట్టంలోంచి వచ్చేది వట్టి బొంయ్ బొంయ్ శబ్దమే అయినా, ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువనే మనిషి, ఆ గోడ పొడవునా, నిదానంగా పైకి వచ్చేదాకా వాగుతూనే ఉన్నాడు.

బోటెక్కాక ప్రేమ్‌సాగర్ మాస్కు తీసి, "ఏంది గా లొల్లి? చేపలన్ని బెదిరిపోయినయ్" అన్నాడు.

"నోరు మూస్తే దమ్ము పడుతున్న సార్. గందుకే ముచ్చటపెట్టుకుంట అచ్చిన."

"ఎవలతోని?"

దేవేందర్ సిగ్గుపడి మాస్కు తుడుచుకోసాగాడు. ప్రేమ్‌సాగర్ పగలబడి నవ్వి, భుజం మీద గట్టిగా చరిచాడు. "నా దగ్గర గిట్ల పాసైనోడు ఒక్కడు లేడు. టికెట్ ముచ్చట మరిచిపో. రేపటి సంది నా ఎంబడి రోజు గోడ దిగుడే."

ఒడ్డు చేరగానే దేవేందర్ ఇంటికి ఫోన్ చేశాడు. "పాసైనవా? ఏం జూసినవయ్యా లోపల?" మంజుల ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. దేవేందర్‌కు సంతోషం పట్టలేక కళ్లు నిండిపోయాయి.

"అంత నీకు చెప్పిన గదనే" అన్నాడు.

"నాకా? ఎప్పుడు చెప్పినవ్?"

"గిప్పుడే, నీళ్లల్ల."