పసుపుపచ్చ సవతి

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ వదినే. లాండ్రీ నడిపే మనిషి అసలు పేరు ఎవరికి కావాలి? చొక్కా మీద సిరా మరక పోవాలి, ప్యాంటు మడత చెక్కుచెదరకుండా నిలబడాలి. ఆ రెండూ వదిన చేతిలో పని. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, వెనక గదిలో ఇస్త్రీ బల్లలు, ఇంకా వెనక్కి వెళితే రేకుల షెడ్డు. ఇస్త్రీ గదికి షెడ్డు వైపు ఒక కిటికీ ఉంది. వదిన జీవితంలో సగం ఆ కిటికీ ముందే గడిచింది.

షెడ్డులో ఉండేది వదిన సవతి.

కంగారు పడకండి. ఆ సవతి పసుపుపచ్చ కారు. మామూలు కారు కాదు, సూపర్ కారు. సీట్లు రెండే. ఇంజిను వాటి వెనక ఉంటుంది. తలుపులు పక్కకు తెరుచుకోవు, పైకి లేస్తాయి. అంత బండి లాండ్రీ వాళ్ల ఇంటికి ఎలా వచ్చిందంటే, వరదలో కొట్టుకొచ్చిందనే చెప్పాలి. ఒక ఏడాది వానలకు ఎవరో గొప్పవాళ్ల నేలమాళిగలోకి నీళ్లొచ్చి ఆ బండి నిలువునా మునిగింది. బీమా కంపెనీ దాన్ని తుక్కు కింద వేలం వేస్తే ఎవరూ ముట్టుకోలేదు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గానీ, ఈ ఏనుగు మాత్రం చచ్చాక చవకైపోయింది. వదిన భర్త దాన్ని లారీ మీద ఎక్కించుకొచ్చి షెడ్డులో దింపాడు.

"ఏమిటండీ ఇది?" అని అడిగింది వదిన.

"నీళ్లలో మునిగినదాన్ని ఉతికి ఆరేయడం మన పనే కదా" అన్నాడాయన.

ఉతకడం సరే, ఆరేసరికి ఏళ్లు పట్టింది. పగలు జనం బట్టలు, పొద్దువాలాక సవతి సేవ. ఒక్కొక్క తీగా బయటికి లాగి, బురద తుడిచి, ఆరబెట్టి, మళ్లీ లోపల పెట్టేవాడు. పాడైన భాగాల కోసం ఎక్కడెక్కడి వాళ్లకో ఫోన్లు చేసేవాడు. అన్నానికి పిలిస్తే "ఒక్క బోల్టు" అనేవాడు. ఆ ఒక్క బోల్టూ బిగిసేలోపు కూర చల్లారిపోయేది. "పెళ్లైన కొత్తలో నా మొహం కూడా ఇంత పరీక్షగా చూడలేదు" అని వదిన ఎవరితో అన్నా వాళ్లు నవ్వేవాళ్లు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. సవతి అనే పేరు అప్పుడే పెట్టింది. బండి మొదటిసారి కదిలిన రోజు ఆయన తలుపు పైకెత్తి పట్టుకుని "రా, కూర్చో" అన్నాడు. "సవతితో సవారీ నాకొద్దు" అని ఇస్త్రీ గదిలోకి వెళ్లిపోయింది. ఆ మాట మీద పదేళ్లకు పైగా నిలబడింది. మొండితనంలో మొగుడికి ఏమీ తీసిపోదు.

ఆ ఊళ్లో అదే రకం బండి ఇంకో ఇద్దరికి ఉంది. ఒకరు పళ్ల డాక్టరమ్మ. రెండోవాడు పైపుల వ్యాపారి, అందరూ పైపులాయన అంటారు. వాళ్లు కొత్తవే కొనుక్కున్నారు. అయినా పనిముట్లూ ఓపికా లాండ్రీ షెడ్డులోనే ఉన్నాయి కాబట్టి ప్రతి ఆదివారం పొద్దున్నే ఇక్కడ చేరేవాళ్లు. చేరి ఏం చేసేవాళ్లంటే, వాదించుకునేవాళ్లు. అదే పని.

పైపులాయనకు అందమే ముఖ్యం. "ఆ నడుము చూడండి, ఆ తలుపులు చూడండి. ఇలాంటి బండిని కప్పి ఉంచుకోవాలి గానీ రోడ్డు మీద అరగదీస్తారా?" అనేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. డాక్టరమ్మ ఒప్పుకునేది కాదు. ఆవిడ రోజూ ఆసుపత్రికి ఆ బండిలోనే వెళుతుంది. "తలుపులా అవి? పార్కింగులో పైకప్పు తగులుతుందేమోనని ప్రతిసారీ గుండె దడ. డిజైన్ చేసినవాడు ఎప్పుడూ కూరల సంచితో దిగి ఉండడు. ఇంజిను మాత్రం రాయిలా గట్టిది. నడుపుతుంటేనే బాగుంటుంది. పళ్లూ అంతే, నమలకపోతే చెడతాయి" అనేది. ఇద్దరూ అరుచుకుని అలిసిపోయాక వదిన భర్త అందుకునేవాడు. "బండి చెడదు. మనమే చెడగొడతాం. లేచిన మనిషిని లేచినట్టే పరిగెత్తిస్తామా? ఆయిల్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కకూడదు. నిలిపి ఉంచితే బ్యాటరీకి ఛార్జర్ తగిలించాలి. మెత్తటి నూలుగుడ్డతో తప్ప తుడవకూడదు." ఆ నూలుగుడ్డలు ఉతికి, మడిచి ఇచ్చేది ఎవరనుకున్నారు? వదినే. సవతికి చాకిరీ.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆవిడ ఏనాడూ ఆ వాదంలో తలదూర్చలేదు. కానీ కిటికీకి తలుపులుంటాయి, చెవులకు ఉండవు. ఇస్త్రీ పెట్టె నడుపుతూనే ఎవరు ఏ మాట అంటారో, దానికి ఎవరు ఏమని తిప్పికొడతారో వదినకు కంఠతా వచ్చేసింది.

అలాంటి ఇంట్లో ఒక ఉదయం ఆయన బట్టల మూట ఎత్తబోయి కూలబడ్డాడు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, కాలు కొంచెం ఈడుస్తుంది, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, ఒక్కటీ పలకలేడు. "మాట లోపలే ఉందమ్మా, దారి పూడుకుపోయింది. ఈ మొదటి నెలల్లోనే తవ్వుకోవాలి. ఆలస్యమైన కొద్దీ కష్టం" అని పెద్ద డాక్టరు చెప్పాడు. మాటలు నేర్పే అమ్మాయి ఇంటికొచ్చి బొమ్మలు చూపించేది. గ్లాసు, దువ్వెన, కుర్చీ. ఆయన బొమ్మవంక ఒకసారి చూసి మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. ఇంజిను గుట్టు తెలిసిన మనిషి, దువ్వెనను దువ్వెన అని చెప్పలేని సిగ్గుతో ప్రయత్నమే మానేశాడు. వదిన రోజంతా ఆయనతో మాట్లాడేది. జవాబు రాదు. ఇంట్లో మనిషి ఉండీ ఇల్లు బావురుమనడం ఎంత బాధో ఆవిడకు అప్పుడు తెలిసింది. "ఒక్క బోల్టు" అన్నా చాలు, కూర ఎంత చల్లారినా ఫర్వాలేదనుకుంది.

షెడ్డులో బండి ఊరికే పడి ఉంది. చూసినప్పుడల్లా ఆయన కళ్లు తడవడం భరించలేక, వదిన పైపులాయనకు కబురు పెట్టింది. "మీరే తీసుకెళ్లండి అన్నయ్యా. దాన్ని చూసుకునే చెయ్యి ఇక్కడ లేదు."

ఆదివారం పైపులాయన, డాక్టరమ్మ ఇద్దరూ వచ్చారు. ఎప్పటిలా అరుపులు లేవు. వదిన భర్తను కుర్చీతో సహా షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టింది. పైపులాయన సీట్లో కూర్చుని ఇంజిను ఆన్ చేశాడు. కాలికి తొందరెక్కువో ఏమో, చల్లటి ఇంజినును ఒక్కసారిగా గట్టిగా తొక్కాడు. షెడ్డు రేకులు అదిరిపోయాయి.

కుర్చీ చేతి మీద ఎడమచెయ్యి దబ్బున పడింది. "ఊఁ!" అన్నాడాయన.

మాట కాదది. కానీ పడిపోయినప్పటినుంచి ఆయన గొంతులోంచి కోపం రావడం అదే మొదలు. మొహం ఎర్రగా అయిపోయింది, కళ్లలో మునుపటి మనిషి కనిపించాడు. పైపులాయన ఇంజిను ఆపేసి డాక్టరమ్మ వంక చూశాడు. డాక్టరమ్మ పైపులాయన వంక చూసింది.

"ఇవాళ తీసుకెళ్లలేను వదినా, టైర్లలో గాలి తక్కువగా ఉంది" అన్నాడు పైపులాయన. టైర్లు నిక్షేపంలా ఉన్నాయి.

పై ఆదివారం మళ్లీ ఇద్దరూ వచ్చి ఆయన కుర్చీకి చెరోపక్కా కూర్చుని వాదన మొదలుపెట్టారు. వదిన కిటికీ దగ్గర తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఈ తలుపులంత సుఖం ఎక్కడుందండీ? కూరల సంచితో కూడా హాయిగా దిగొచ్చు" అంటోంది డాక్టరమ్మ. "ఇంజినే వట్టి బోలు."

"అందం పెట్టుకుని ఏం నాకుతామండీ? గతుకుల్లో పడేసి తోలాలి. గట్టి బ్రష్షు పెట్టి గీకి కడగాలి. ఛార్జరూ వద్దు, గీర్జరూ వద్దు" అంటున్నాడు పైపులాయన.

వదినకు ఒళ్లు మండింది. మతులు పోయాయా వీళ్లకి? మాట పడిపోయిన మనిషి ముందు కూర్చుని, ఆయన ప్రాణంగా చూసుకున్న బండి గురించి ఇదేం వాగుడు? నాలుగు దులిపేద్దామని ఇస్త్రీ పెట్టె ఉన్నచోటే వదిలేసి గుమ్మం దాకా వెళ్లింది.

అక్కడ ఆగిపోయింది. పైపులాయన బ్రష్షు మహిమ వర్ణిస్తున్నాడే గానీ, కళ్లు బండి మీద లేవు. వదిన మొగుడి పెదాల మీద ఉన్నాయి. డాక్టరమ్మ కూడా అంతే, ఒక్కో తప్పుడు మాట విసిరి, ఊపిరి బిగబట్టి, ఆయన నోటివంకే చూస్తోంది. పదేళ్లు విన్న వాదన కదా, వదినకు అప్పుడు తెలిసింది. ఎవరి మాట వాళ్లే తిరగేసి చెబుతున్నారు. ఆయనకు కోపం తెప్పించడానికి. తప్పని చెప్పకుండా ఉండలేని మనిషని వాళ్లకు తెలుసు. కట్టుకున్నదానికి తట్టని ఉపాయం వాళ్లకు తట్టింది.

తిరిగి వెళ్లేసరికి తెల్లచొక్కా వీపున గోధుమరంగు మచ్చ పడింది. చొక్కా కాల్చడం వదినకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ మచ్చ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఏడ్చింది. దుఃఖంతో కాదు. ఇన్నాళ్లూ పనిలేని వాళ్లని తిట్టుకున్న ఆ ఇద్దరికీ మనసులోనే దణ్ణం పెట్టింది.

ఆ తరవాత ప్రతి ఆదివారం అదే తంతు. ఆయన తల అడ్డంగా ఊపేవాడు, కుర్చీ చరిచేవాడు, "త... త..." దాకా వచ్చి ఆగిపోయేవాడు. మాట గడప దాకా వచ్చి దాటడం లేదు. మాటలు నేర్పే అమ్మాయి సంతోషించింది గానీ, నెలలు దొర్లిపోతున్నాయని వదిన గుండె కొట్టుకుంటూనే ఉంది. చివరికి ఒక ఆదివారం పైపులాయన ఇస్త్రీ గదిలోకి వచ్చి చతికిలబడ్డాడు.

"నా దగ్గర ఇంక అబద్ధాలు లేవు వదినా. ఈ బండి గురించి చెప్పగలిగిన తప్పులన్నీ చెప్పేశాను. అలవాటై పోయి ఆయన కోప్పడ్డం కూడా మానేస్తున్నాడు."

వదిన ఇస్త్రీ పెట్టె ఆపింది. ఈసారి జాగ్రత్తగా నిలబెట్టింది. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు అన్నయ్యా. ఒక్కటి నన్ను ఆడనివ్వండి. మీరు కాదనకండి" అంది.

పదేళ్లలో మొదటిసారి ఆవిడ ఆ వాదంలోకి అడుగుపెట్టింది. షెడ్డులోకి వెళ్లి బండి పక్కన నిలబడి, మొగుడి వంక చూడకుండా డాక్టరమ్మతో అంది. "ఎన్ని చెప్పండి డాక్టరుగారూ, ఈ బండి బతికిందంటే పైపులన్నయ్య చేతి చలవే. మొత్తం ఆయనే బాగుచేశారు. ఈయన చేసిందేముంది, పక్కన నిలబడి గుడ్డతో తుడవడం తప్ప."

డాక్టరమ్మ ఆ ఎత్తు పసిగట్టి, అవునన్నట్టు తలూపింది.

ఆయన వదిన వంక చూశాడు. పెళ్లైనప్పటినుంచి ఆయన కళ్లలో ఆ చూపు ఎప్పుడూ లేదు. నువ్వు కూడానా, అన్నట్టుంది. ఆవిడ మాట వెనక్కి తీసుకుందామనుకుంది. బండి తలుపు అంచు పట్టుకుంది. ఇది కూడా వృథా అయితే? మాట రాకపోగా మనసు కూడా విరిగితే? ఊరికే గొప్పలు చెప్పే పైపులాయన, ఉత్తపుణ్యానికి దొరికిన ఈ గొప్పను మింగలేక కక్కలేక తలొంచుకున్నాడు. "అవును వదినా" అన్నాడు నెమ్మదిగా. "నేనే చేశాను."

ఆయన పెదాలు వణికాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఎడమచెయ్యి లేచి గుండెకు తగిలింది.

"నే..." అన్నాడు. "నే... ను."

"నేను" అన్నాడు మళ్లీ, గుండె చరుచుకుంటూ. "నేను. నేను."

"మీరే" అంది వదిన. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. "మీరేనండీ. మీరొక్కరే. ఎవరికి తెలియదు?" ఏడుపులో ఆవిడ మాటే సరిగ్గా రాలేదు.

ఆయన ఇంకా శాంతించలేదు. పైపులాయన వైపు వేలు చూపించి, ఊపిరి కూడదీసుకుని, రెండో మాట అన్నాడు.

"దొంగ."

పైపులాయన జీవితంలో ఎవరైనా పొగిడినప్పుడు కూడా అంత సంబరపడి ఉండడు. కళ్లు తుడుచుకుంటూ "అవును అన్నయ్యా, దొంగనే, పచ్చి దొంగని" అని ఒప్పేసుకున్నాడు. ఆ వెంటనే డాక్టరమ్మా ఆయనా కొత్త వాదన మొదలుపెట్టారు. దారి తవ్వింది తన తలుపుల అబద్ధమని ఆవిడ, తన బ్రష్షు అబద్ధమని ఆయన. వదిన ఇద్దరి వాదనా విని, ఇద్దరిదీ గెలుపేనని చెప్పింది.

ఆయన రెండు రోజులు వదినతో ముభావంగా ఉన్నాడు. అబద్ధం సంగతి విడమరిచి చెప్పాక కూడా, ఆ గుడ్డతో తుడవడం అన్న ముక్క అంత తేలిగ్గా దిగమింగలేదు. తరవాత మాటలు ఒకటీ అరా వస్తూ పోయాయి. కొన్ని తడబడతాయి, కొన్ని రావు. వచ్చినవాటితోనే ఆదివారాలు గడుస్తున్నాయి, ఇప్పుడు ఎవరి మాట వాళ్లు సరిగ్గా చెప్పుకుంటున్నారు. బండి ఎక్కడికీ వెళ్లలేదు.

ఆ మొదటి మాట వచ్చిన సాయంత్రం, అందరూ వెళ్లాక, వదిన ఒక్కతే షెడ్డులోకి వెళ్లింది. బ్యాటరీకి ఛార్జర్ తగిలించింది. ఎలా తగిలించాలో కిటికీలోంచి ఎన్నిసార్లు వినలేదు? ఉతికిన నూలుగుడ్డ తెచ్చి, దుమ్ముపడ్డ ముందుభాగం మెల్లగా తుడిచింది. ఇన్నేళ్లూ ఈ బండి మొగుణ్ణి తన దగ్గరినుంచి లాక్కుందనుకుంది. తన చేతుల్లోంచి జారిపోయిన మనిషిని తిరిగి తెచ్చిచ్చింది ఇదే. ఎవరి దగ్గర ఎంత మేలు దాగుంటుందో మనకేం తెలుసు, అనుకుంది. కప్పు గుడ్డ తెచ్చి, మూల మూలకూ సరిచేసి, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు కప్పింది. సవతి అనడానికి నోరు రాలేదు. తన తరవాత ఈ ఇంటికి వచ్చింది కాబట్టి వరస ఏమిటో తేల్చుకుంది.

"పడుకో చెల్లీ" అంది. "రేపు ఆయన్ని తీసుకొస్తాను."